పాలపళ్లు ఊడకముందే: ఇద్దరు పిల్లల బొమ్మలు వేసిన కేసు

పోర్ట్రెయిట్ల పనిలో దిగిన కొత్తల్లో పోలిక కుదిరితే పని అయిపోయినట్టేనని అనుకునేవాణ్ని. ఈ కేసుతో ఆ భ్రమ వదిలింది. అందుకే మొదటి ఫోన్ నుంచి వార్నిష్ దాకా జరిగిందంతా రాస్తున్నాను, ముఖ్యంగా నేనెక్కడ బోల్తా పడ్డానో. బొమ్మల ఫోటోలు మాత్రం ఇవ్వను. తల్లిదండ్రులు పెట్టుకోమనే అన్నారు గానీ, బొమ్మలో ఉన్నది వాళ్లు కాదు కదా. ఆ పిల్లలు పెద్దయ్యాక సరేనంటే అప్పుడు చూద్దాం.

ఫోన్ చేసింది పిల్లల అమ్మ. "మా పాపకి పాలపళ్లు ఊడకముందే బొమ్మ వేయించాలండీ, ఎన్ని రోజులు పడుతుంది?" పాపకి అప్పటికి 4 ఏళ్ల 10 నెలలు. పాలపళ్లు మామూలుగా ఆరేళ్ల దగ్గర ఊడటం మొదలవుతాయి, కొందరికి ఐదేళ్లకే. కాబట్టి ఆవిడ తొందరలో అర్థముంది. బాబుకి 13 నెలలు, నడక వచ్చి రెండు వారాలు. ఇద్దర్నీ ఒకే క్యాన్వాస్ మీద, చేతులు పట్టుకుని, నవ్వుతూ, ఇదీ ఆవిడ అడిగింది.

కలవడానికి వెళ్తే వాళ్ల నాన్న మొహమాటం లేకుండా చెప్పేశాడు. "నా ఫోన్లో పిల్లల ఫోటోలు 9,000 దాకా ఉన్నాయండీ. మళ్లీ బొమ్మెందుకో నాకైతే అర్థం కావట్లేదు." ఇలా అడిగేవాళ్లంటే నాకు ఇష్టం, ఎందుకంటే ఎందుకు వేయించుకుంటున్నారో తెలియకుండా వేయించుకునేవాళ్లకి చివరికి ఏ బొమ్మా నచ్చదు. వాదించలేదు. ఆ 9,000 ఫోటోల్లో మీరు మళ్లీ మళ్లీ చూసుకునేది ఒక్కటి చూపించండి అన్నాను. ఆయన వెతకడం మొదలుపెట్టాడు. పాప పుట్టినప్పటిది, కాదు, అందరూ కలిసి దిగింది, అదీ కాదు. పది నిమిషాలు ఫోన్ తోస్తూనే ఉండి చివరికి ఒకటి చూపించాడు. సరిగ్గా ఫోకస్ కూడా కాలేదు. బాబు వెనక నుంచి, రెండు చేతులూ భుజాల ఎత్తున గాల్లో పెట్టుకుని గుమ్మం వైపు నడుస్తున్నాడు. "మొహం కూడా కనపడట్లేదు కదా, ఇదెందుకు?" అన్నాను. "ఏమోనండీ... వాడి నడక" అన్నాడు.

నాకు కావలసింది అక్కడ దొరికింది. అప్పుడే నడక నేర్చిన పిల్లలు బ్యాలెన్స్ కోసం చేతులు అలా పైకెత్తి, మోచేతులు మడిచి నడుస్తారు. నడక కుదురుకున్నకొద్దీ చేతులు నడుం దగ్గరికి, ఆ తర్వాత పక్కలకి దిగిపోతాయి. కొన్ని నెలల ముచ్చట, అంతే. దిగిపోయిన రోజు ఎవరూ గమనించరు కూడా.

వెనకటి రోజుల్లో పిల్లల బొమ్మలు వేయించడంలో ఉన్న భయం వేరు. ఇంగ్లిష్ చిత్రకారుడు హోగార్త్ 1742లో గ్రేయమ్ కుటుంబం పిల్లలు నలుగుర్నీ కలిపి పెద్ద బొమ్మ వేశాడు, ఇప్పుడది లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. చూడటానికి సందడిగా ఉంటుంది, పెద్ద పిల్లవాడు చిన్న వాయిద్యం పిడి తిప్పుతుంటాడు, వెనక పంజరంలో పిట్ట, దాని మీద కన్నేసిన పిల్లి. ఎడమవైపు కూర్చోబెట్టిన పసివాడు మాత్రం ఆ ఏడాదే చనిపోయాడు. ఆ పసివాడి వెనక గడియారం మీద, చావుకి గుర్తుగా కొడవలి పట్టుకున్న బొమ్మ ఒకటుంటుంది, అది ఒకసారి కనిపించాక ఇంక చూపు అక్కడికే పోతుంది. ఈ రోజుల్లో నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులకి చాలామందికి ఆ భయం లేదు. పిల్లలు ఉంటారు, కానీ ఈ పిల్లలు ఉండరు, అదీ వీళ్ల దిగులు. పై నెలకి ఇంకో పిల్ల ఇంట్లో తిరుగుతుంటుంది.

సరే, కేసులోకి వద్దాం.

ముందు కాగితం, తర్వాత క్యాన్వాస్

ఆర్డర్ ఒప్పుకునే ముందు అమ్మనీ నాన్ననీ విడివిడిగా కూర్చోబెట్టి చెరో కాగితం ఇస్తాను. ప్రశ్న ఒకటే: రెండేళ్ల తర్వాత ఈ పిల్లలో ఏది కనపడకపోతే మీకు బెంగగా ఉంటుంది? "నవ్వు", "అమాయకత్వం" అని రాస్తే వెనక్కి ఇచ్చేస్తాను. అవి ఏ పిల్లకైనా రాయొచ్చు.

పాప గురించి అమ్మ రాసింది ఇది: కొత్తవాళ్లు వస్తే గౌను అంచు పిడికిట్లో పట్టుకుని నలుపుతుంది, మాట్లాడేది మాత్రం ధైర్యంగానే మాట్లాడుతుంది. నాన్న రాసింది: ఎడమ కనుబొమ్మ మొదట్లో నాలుగు వెంట్రుకలు ఎదురు తిరిగి ఉంటాయి. బాబు గురించి మాత్రం ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు ఒకే మాట రాశారు, చేతులు పైకెత్తి నడవడం. ఇలా రెండు కాగితాలూ కలవడం నాకు చాలా అరుదు.

దాంతో ఒక క్యాన్వాస్ ఆలోచన పక్కనపెట్టాం. ఒకరు కూర్చుని గౌను నలపాలి, ఇంకొకరు నడవాలి, ఇద్దరూ చేతులు పట్టుకుంటే ఈ రెండూ పోతాయి. ఇంకో కారణం కూడా చెప్పాను, మొదట్లో ఎవరూ ఆలోచించనిది. పిల్లలు పెద్దయ్యాక రెండు ఇళ్లు అవుతాయి, బొమ్మ ఒకటే అవుతుంది. ఇద్దరూ నవ్వేశారు గానీ వెంటనే ఒప్పుకున్నారు. పాపకి 30×24 అంగుళాలు, చిన్న స్టూలు మీద కూర్చున్నట్టు. బాబుకి 20×16, తల నుంచి పాదాల దాకా కనపడే బొమ్మ. రెండింట్లోనూ తల అసలు కొలత కంటే బాగా చిన్నది. పిల్లల తల అసలు సైజుకి గానీ, అంతకంటే పెద్దగా గానీ వేస్తే గోడ మీదికెక్కాక రాక్షసంగా కనిపిస్తుంది, ఈ తప్పు ఇంతకుముందు ఒకసారి చేసి ఉన్నాను.

నవ్వు విషయంలో నాన్నమ్మ గారు ఒక పట్టాన వదల్లేదు. "పళ్లు కనపడేట్టు నవ్వుతున్నట్టు వేయొచ్చుగా బాబూ, ముచ్చటగా ఉంటుంది." ఆవిడకి నచ్చజెప్పడానికి పాపని పళ్లు కనపడేట్టు నవ్వమని, అలాగే ఉండమని చెప్పి అరవై లెక్కపెట్టాను. ఇరవై దాటకముందే అది నవ్వులా లేదు, ఏడవబోతున్నట్టుంది. ఫోటోలో నవ్వు క్షణంలో పట్టుబడుతుంది కాబట్టి సరిపోతుంది. గోడ మీద పాతికేళ్లు అదే నవ్వు నవ్వుతూ ఉంటే ఇంట్లోవాళ్లకే విసుగొస్తుంది. పళ్ల తగువు కొత్తదేం కాదు, ఫ్రెంచ్ చిత్రకారిణి విజే లబ్రన్ కూతుర్ని ఒళ్లో పెట్టుకున్న తన బొమ్మలో పెదాలు కాస్త విడివడి తన పళ్లు కనపడేట్టు వేస్తేనే 1787లో పారిస్‌లో గోల చేశారు. పెదాలు మూసుకుని, కానీ చెంపలు కొద్దిగా పైకి లేచి ఉన్నట్టు వేద్దామని రాజీ కుదిరింది.

సిట్టింగులు

మొదటి రోజు బొమ్మ వేయలేదు. నేల మీద కూర్చుని నా పుస్తకంలో ఏదో గీసుకుంటున్నాను. పాప గుమ్మం దగ్గర నిలబడి చూస్తోంది, కుడి పిడికిట్లో గౌను అంచు. నేను పిలవలేదు. పది నిమిషాలకి వచ్చి పక్కన కూలబడి "అంకుల్, నీకు గుర్రం వచ్చా?" అంది. రాదన్నాను, నిజంగానే నాకు గుర్రం సరిగ్గా రాదు. తనే వేసి చూపించింది. తర్వాత నన్ను కూడా వేసింది, పక్కనున్న కుర్చీ కాళ్లు నాలుగూ నాకే తగిలించి, మొత్తం ఆరు కాళ్లతో. ఆ కాగితం ఇప్పటికీ నా గోడ మీద ఉంది.

పిల్లల్ని కదలకుండా కూర్చోబెట్టడం కుదిరే పని కాదు, కుదిరినా చేయకూడదు, కదలని పిల్ల మొహంలో ఏమీ ఉండదు. అందుకని కథ చెప్పమంటాను. కథ చెప్పే పిల్ల తల పది వైపులకి తిప్పుతుంది గానీ మళ్లీ మళ్లీ ఒకే కోణానికి తిరిగొస్తుంది, ఆ కోణం దొరికితే చాలు. ఒక్కో విడత 15, 20 నిమిషాలు మించనివ్వను. రోజూ సాయంత్రం నాలుగింటికే, ఎందుకంటే ఆ గదిలో కిటికీ వెలుతురు అప్పుడే మెత్తగా పక్కనుంచి పడుతుంది. వెలుతురు కోసం అమెరికన్ చిత్రకారుడు సార్జెంట్ పడ్డ పాట్లు గుర్తొచ్చేవి. తోటలో లాంతర్లు వెలిగించే ఇద్దరు అమ్మాయిల బొమ్మ కోసం ఆయన 1885లో రోజూ సంధ్య వేళ కొద్ది నిమిషాలే వేసేవాడు, పూలు వాడిపోతే వాటి స్థానంలో కాగితం పూలు పెట్టించాడు, పూర్తయ్యేసరికి 1886 వచ్చేసింది. పూలకైతే కాగితం పూలు దొరికాయి. ఏడాది పెరిగిపోయిన పిల్లకి ఏం పెడతాం?

ఆ సిట్టింగుల్లో నేను తెచ్చుకున్నది ముఖ్యంగా రంగులు. పెన్సిల్ స్కెచ్‌లు, నీటి రంగులతో చిన్న చిన్న నోట్స్, అంతే. పిల్లలున్న ఇంట్లో ఆయిల్ రంగులు పలచన చేసే టర్పెంటైన్ మూత తీయను. పాప కిటికీకి వీపు పెట్టి కూర్చున్నప్పుడు చెవి అంచు చూడాలి. వెలుతురు చెవిలోంచి దూరి వస్తుంది, అంచు నారింజ ఎరుపులో వెలుగుతుంది, లోపలి మడత దగ్గర ముదురు ఎరుపు, తమ్మె దగ్గరికొచ్చేసరికి మళ్లీ లేత గులాబీ. అదే క్షణంలో తీసిన ఫోటోలో చెవి గోధుమరంగు ముద్ద. కళ్లతో చూసి రాసుకోకపోతే ఆ ఎరుపు ఇంకెక్కడా దొరకదు.

ఫోటోలు కూడా తీశాను, 300 దాకా. వాడింది ఆరు. తల్లిదండ్రులు పంపినవి ఇంకో 40, వాటిల్లో పనికొచ్చినవి ఒకటో రెండో. తప్పు వాళ్లది కాదు, అందరం అలాగే తీస్తాం: నిలబడి, పై నుంచి, చేయి చాచినంత దూరంలో. పై నుంచి తీస్తే నుదురు పెద్దదై గడ్డం మాయమవుతుంది, మరీ దగ్గర నుంచి తీస్తే ముక్కు ఉబ్బి చెవులు వెనక్కి పోతాయి. దానికి తోడు ఫోన్ తనంతట తానే చర్మాన్ని నున్నగా తుడిచేస్తుంది, ఎదురు తిరిగిన ఆ నాలుగు కనుబొమ్మ వెంట్రుకలు అలాగే ఎగిరిపోయాయి. ఇప్పుడు అందరికీ ఒకటే చెప్తున్నాను: నేల మీద కూర్చోండి, కెమెరా పిల్లల కళ్ల ఎత్తుకి దించండి, రెండు మీటర్లు వెనక్కి జరిగి జూమ్ చేయండి, ఫ్లాష్ వద్దు, బ్యూటీ మోడ్ తీసేయండి.

నేను చేసిన తప్పు

పాప బొమ్మ మొదలుపెట్టాక మధ్యలో వేరే ఆర్డర్ మీద పడ్డాను. ఆరు వారాలు గడిచాయి. తిరిగి కూర్చునేసరికి నోటి దగ్గర ఒక సందేహం, సరే ఇంకోసారి చూసొద్దామని వెళ్లి కొత్తగా ఓ యాభై ఫోటోలు తీసుకొచ్చాను. ఈలోపు పాపకి జుట్టు కత్తిరించారు, మధ్యలో జ్వరం వచ్చి తగ్గి కాస్త సన్నబడింది కూడా. నాకది కనపడింది, అయినా పట్టించుకోలేదు. జుట్టు పాత ఫోటో నుంచి, చెంపలు కొత్త ఫోటో నుంచి, కళ్లు స్కెచ్ నుంచి తీసుకుని మూడు వారాలు వేశాను. నా లెక్కలో బ్రహ్మాండంగా వచ్చింది.

అమ్మ వచ్చి చూసింది. చాలాసేపు చూసింది. "బాగుందండీ" అంది. ఈ మాట తర్వాత ఆగితే భయపడాలి, ఆగింది. "చాలా బాగుంది. కానీ ఇది మా పాప... వచ్చే ఏడాది పాపలా ఉంది."

వచ్చే ఏడాది రాకుండా ఆపడానికే కదా ఆవిడ నా దగ్గరికి వచ్చింది. ఆ రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు.

పొద్దున్నే స్కేలు తీసి కొలిచాను. పెద్దవాళ్లలో నడినెత్తి నుంచి గడ్డం దాకా కొలిస్తే కళ్లు సరిగ్గా మధ్యలో ఉంటాయి. పిల్లల్లో మధ్య గీతకి కింద ఉంటాయి, ఎందుకంటే తలకాయ పైభాగం ముందు పెరుగుతుంది, ముక్కూ దవడా తర్వాత తీరిగ్గా పెరుగుతాయి. నా స్కెచ్‌లో కళ్లు సరైన చోటే ఉన్నాయి. క్యాన్వాస్ మీద సవరించుకుంటూ సవరించుకుంటూ ఐదు మిల్లీమీటర్లు పైకి జరిపేశాను. చేతికి పెద్దవాళ్ల మొహాలు అలవాటు, కాస్త ఏమరపాటుగా ఉంటే అది తన దారిన తను పోతుంది. ముక్కు దూలం మీద సన్నటి హైలైట్ గీత లాగాను, ఐదేళ్ల పిల్లకి అక్కడ దూలమే సరిగ్గా లేవదు, ఆ గీతతోనే రెండేళ్లు మీద పడ్డాయి. దవడ అంచు కత్తితో కోసినట్టు తేల్చాను. ఒక్కటి మాత్రం చేయలేదు, అందుకు సంతోషం: కళ్లు పెద్దవి చేయలేదు. పిల్లల కంటి నల్లగుడ్డు రెండేళ్లకే దాదాపు పెద్దవాళ్ల సైజుకి వచ్చేస్తుంది, చిన్న మొహంలో అది పెద్దగా కనిపించడం సహజం, ఇంక మనం కూడా పెంచితే బొమ్మల కొట్లో బొమ్మ అవుతుంది.

కానీ కొలతలు సగమే. అసలు తప్పు రెండు తేదీల పిల్లని ఒకే క్యాన్వాస్ మీద కూర్చోబెట్టడం. అలాంటి పిల్ల ఏ రోజూ ఆ ఇంట్లో లేదు. అమ్మకి కొలతలు తెలియవు, అయినా ఒక్క చూపులో పట్టేసింది.

దీనికి తోడు ఇంకో గొడవ. పని మధ్యలో నేను పంపిన ఫోటో వాళ్ల నాన్న కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు, మురిపెంగానే. సాయంత్రానికి ఇరవై అభిప్రాయాలు. మేనత్తకి తన చిన్నప్పటి పోలికే కనపడింది, పిన్నికి ముక్కు నచ్చలేదు, ఎవరో ఒంటి రంగు కాస్త తేల్చమన్నారు. రంగు తేల్చమన్నదానికి మాత్రం కుదరదని నాన్నకి సూటిగానే చెప్పాను, ఆయనా తలూపాడు. అప్పట్నుంచి ఒప్పందంలో ఒక లైను చేర్చాను, పని పూర్తయ్యేదాకా బొమ్మ చూసేది అమ్మా నాన్నా ఇద్దరే. పదిమందికి చూపిస్తే పది పోలికలు కావాలంటారు.

మామూలుగా ఒక విడత మార్పులు ఒప్పుకుంటాను, ఆ తర్వాత వాటికి వేరే లెక్క. ఇక్కడ తప్పు నాది కాబట్టి కొత్త క్యాన్వాస్, మళ్లీ మొదట్నుంచి, ఖర్చు నాదే. పాతదాని మీదే దిద్దుదామని ఒక పూట ఆశపడ్డాను గానీ, ఐదు మిల్లీమీటర్లు కిందికి దించాలంటే మొహం మొత్తం కదలాలి. అలా అతుకులేసిన బొమ్మ నాకెప్పుడూ అతుకులాగే కనిపిస్తుంది.

రెండోసారి మొదలుపెట్టే ముందు పాతకాలపు స్పానిష్ చిత్రకారుడు వెలాస్క్వెజ్ వేసిన స్పెయిన్ రాకుమారి మార్గరీటా బొమ్మల ప్రింట్లు ముందర పెట్టుకున్నాను. 1651లో పుట్టిన ఆ పిల్లని వియన్నాలో ఉన్న కాబోయే మొగుడి ఆస్థానానికి పంపడం కోసం వేర్వేరు వయసుల్లో వేశాడు, రెండు మూడేళ్లప్పుడు గులాబీ గౌనులో, 1656లో తెల్ల గౌనులో, 1659లో నీలం గౌనులో. మూడూ ఇప్పుడు వియన్నా కున్స్ట్‌హిస్టోరిషెస్ మ్యూజియంలోనే ఉన్నాయి. వరసగా పెట్టి చూస్తే కళ్లు ఎక్కడుండాలో ఏ పుస్తకం అక్కర్లేదు, మొహం కింది భాగం బొమ్మ బొమ్మకీ ఎలా దిగుతోందో తెలిసిపోతుంది. ఆ బట్టల బరువు, ఆ పెళ్లి బేరం తలుచుకుంటే నాకు మనసు ఒకలా అవుతుంది, అది వేరే సంగతి.

కొత్త ఫోటోలన్నీ వేరే ఫోల్డర్లో పడేసి మొదటి వారం స్కెచ్‌లు, నీటి రంగులు, ఆ ఆరు ఫోటోలు మాత్రమే గోడకి అంటించాను. వాటి పైన తేదీ రాశాను. మళ్లీ పాపని చూడటానికి వెళ్లలేదు. వెళ్తే చేయి ఊరుకోదని నాకు తెలుసు.

మోకాలి మీద చిన్న గాయం ఉంది, చెక్కు కట్టి. నాన్న తీసేయమన్నాడు. నా రూలు మామూలుగా ఏమిటంటే, వారంలో పోయేది వేయను, పుట్టుమచ్చలాంటివి వదలను. అమ్మ నవ్వి, "ఒకటి మానేలోపు ఇంకోటి తెచ్చుకుంటుందండీ, అది పోయేది కాదు" అంది. నిజమే. ఉంచేశాను.

రంగుల మాట కూడా ఒకటి చెప్పాలి, పిల్లల బొమ్మ పిల్లలకంటే ఎక్కువకాలం ఉండాలి కాబట్టి. ఇంగ్లిష్ పోర్ట్రెయిట్ చిత్రకారుడు రెనాల్డ్స్ అంతటివాడు మొహాల్లో వాడిన ఎరుపు వెలుతురికి నిలవక, ఆయన బతికుండగానే బొమ్మల్లో చెంపలు పాలిపోయాయి. మామూలు ముదురు ఎరుపు రంగు అలిజరిన్ క్రిమ్సన్‌తో కూడా పలచటి పూతల్లో ఆ భయం ఉంది. పిల్లల చెంప ఎరుపంతా పలచటి పూతే కదా, అందుకని నేను వెలుతురికి నిలిచే గులాబీ రంగు, క్వినాక్రిడోన్ రోజ్ వాడతాను. తెలుపు టైటానియం, సీసం తెలుపు జోలికి పోను. కింది పూతలు నూనె తక్కువ, పైకి వెళ్లేకొద్దీ నూనె ఎక్కువ, ఇది తిరగబడితే పగుళ్లొస్తాయి. ఫైనల్ వార్నిష్ ఆరు నెలల తర్వాతే. అప్పటిదాకా గుడ్డ చుట్టి బీరువాలో దాచొద్దని గట్టిగా చెప్తాను, చీకట్లో ఉంటే ఆయిల్ పసుపెక్కుతుంది. అలాగని ఎండ తగిలే గోడా వద్దు.

బాబు

బాబు బొమ్మకి సిట్టింగ్ అనే మాటే లేదు. గదికి ఒక చివర అమ్మ, ఇంకో చివర నాన్న, మధ్యలో నేను నేల మీద. వాడు ఆ చివర నుంచి ఈ చివరకి నడవడమే. ఒక్కో నడక ఏడెనిమిది అడుగులు, అది కూడా పడకపోతే. రెండు రోజుల్లో ఎన్నిసార్లు నడిచాడో లెక్కలేదు. నా పుస్తకంలో వాడివి గీతలే తప్ప బొమ్మల్లేవు, ఒక భుజం, ఒక మడమ, వేళ్లు విచ్చుకున్న చేయి.

ఇక్కడ ఫోటోలు అస్సలు పనికిరాలేదు. మళ్లీ బొమ్మెందుకని నాన్న మొదట్లో అడిగినదానికి జవాబు ఇదే అనుకుంటాను: ఫోటోలో వాడు నడుస్తున్నట్టు ఉండడు, పడిపోతున్నట్టు ఉంటాడు. ఒక అడుగు లేచిన క్షణంలో ఆపేస్తే అంతే కనిపిస్తుంది. మన కంటికి మాత్రం ఆ అడుగూ ముందడుగూ కలిసి నడకలా కనిపిస్తాయి. అందుకని కింది సగం ఒక అడుగు నుంచి, భుజాలు దాని తర్వాతి అడుగు నుంచి తీసుకున్నాను. పాప విషయంలో రెండు తేదీలు కలిపినందుకు తిట్టుకుని ఇక్కడ రెండు అడుగులు కలిపానేమిటని మీరనొచ్చు. ఆ రెండు అడుగులూ ఒకే నడకలోవి.

తల కొలత దగ్గర మళ్లీ చేయి మోసం చేయబోయింది. అప్పుడే పుట్టిన బిడ్డకి తల మొత్తం పొడవులో నాలుగో వంతు, పెద్దవాళ్లకి ఏడు, ఏడున్నర తలల ఎత్తు. ఏడాది దాటిన బాబు నాలుగున్నర తలలకి అటూ ఇటూ. స్కెచ్‌లో సరిగ్గా వేసి, రంగులో తల "మరీ పెద్దదిగా ఉందే" అనిపించి తగ్గించబోయి, స్కేలు చూసుకుని ఆగాను. మొహం ముప్పావు భాగం కిందికి తిరిగి ఉంటుంది, నేల చూసుకుంటూ నడుస్తాడు కాబట్టి. అమ్మ మొహం బాగా కనపడాలని ముందు అడిగింది. తను రాసిన కాగితమే తీసి చూపించాను. చదువుకుని మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

మొత్తం ఐదున్నర నెలలు పట్టింది. ఇంకోసారి చేయాల్సి వస్తే బాబు బొమ్మే ముందు మొదలుపెడతాను. రెండో వారానికే వాడి చేతులు నడుం దాకా దిగాయి, ఇంకో పది రోజులు ఆలస్యమైతే నాకు దొరికేవాడు కాదు. తేదీ లైను కూడా ఇప్పుడు ఒప్పందంలో ఉంది: ఏ తేదీ పిల్ల కావాలో ముందే రాసుకుంటాం, ఆ తర్వాత జుట్టు కత్తిరించినా, పన్ను ఊడినా బొమ్మ మారదు.

పాప రెండో బొమ్మ చూసి అమ్మ ఈసారి బాగుందనలేదు. దగ్గరికెళ్లి కనుబొమ్మ దగ్గర వేలు పెట్టబోయి, రంగు ఆరలేదని గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది. నాన్న బాబు బొమ్మ ముందు నిలబడి ఏమీ మాట్లాడలేదు. కాసేపటికి ఫోన్ తీసి దాన్ని ఫోటో తీసుకున్నాడు, ఇంక నేనేం అనను.

ఆరు నెలలకి వార్నిష్ వేయడానికి వెళ్లాను. పాపకి కింది పళ్లు రెండు లేవు, ఆ సందులోంచి గాలి ఊదుతూ మాట్లాడుతోంది. బాబు చేతులు పక్కలకి వేలాడేసుకుని ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పరిగెడుతున్నాడు. నేను బొమ్మల్ని గోడ మీంచి దించి, బల్ల మీద పరిచి, దుమ్ము తుడుస్తుంటే పాప వచ్చి పక్కన నిలబడింది. గుమ్మం దగ్గర ఆగలేదు, నేరుగా వచ్చేసింది. చాలాసేపు చూసి అడిగింది.

"అంకుల్, ఈ పాప గౌను ఎందుకు పట్టుకుంది?"

నేను వాళ్లమ్మ వైపు చూశాను. ఆవిడ చేతిలో పని పక్కన పెట్టి, వచ్చి, పాపని దగ్గరికి లాక్కుని చెప్పడం మొదలుపెట్టింది. నేను బ్రష్ వార్నిష్‌లో ముంచాను.